ఇద్దరు తోడల్లుళ్లు, ఒక లైసెన్సు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ మధ్య నుంచీ ఒక శుభవార్త తెగ తిరుగుతోంది. "అమెరికాలో డాక్టర్ కావడానికి ఇక రెసిడెన్సీ అక్కర్లేదు! మన ఎంబీబీఎస్ చాలు! నలుగురికీ పంపండి, ఒక పిల్లవాడి జీవితం నిలబడుతుంది!" రెసిడెన్సీ అంటే డిగ్రీ అయ్యాక ఆసుపత్రిలో చేయాల్సిన శిక్షణ. కబురు కింద రెండు దేశాల జెండాలు, చేతులు జోడించిన బొమ్మలు. ఆ కింద పెదనాన్నలూ పిన్నులూ వరసపెట్టి శుభాకాంక్షలు. ఎవరికి చెబుతున్నారో వాళ్లకే తెలియాలి. మా వైపు డాక్టర్లు ఇద్దరే. ఒకాయన రిటైరై మొక్కలు పెంచుకుంటున్నారు, ఇంకొకావిడ పశువుల డాక్టరు.

కబురు అబద్ధమైతే గొడవే లేదు. వేడినీళ్లలో నిమ్మకాయ పిండుకుని తాగితే క్యాన్సర్ పోతుందన్న ఫార్వర్డు పక్కన దీన్నీ పడేసి ఊరుకునేవాణ్ణి. కానీ ఇందులో నిజం ఉంది. శాసనసభలు ఓటేసి, గవర్నర్లు సంతకం పెట్టిన నిజం. వేరే దేశంలో చదివి, అక్కడే ప్రాక్టీసు చేసిన డాక్టరు అమెరికా వచ్చి మళ్లీ రెసిడెన్సీ చేయకుండా లైసెన్సు తెచ్చుకోవచ్చని 2023లో టెన్నెసీ చట్టం చేసింది. ముందు రెండేళ్లు తాత్కాలిక లైసెన్సు, ఆ తర్వాత పూర్తిది. అది చూసి ఫ్లోరిడా, వర్జీనియా, విస్కాన్సిన్, అయోవా తలా ఒక చట్టం రాసుకున్నాయి. 2025లో టెక్సస్ వచ్చి చేరింది. తన చట్టానికి 'డాక్టర్ యాక్ట్' అని ముద్దుపేరు కూడా పెట్టుకుంది.

ఈ ఔదార్యం ఊరికే పుట్టలేదు. 2036 నాటికి 86,000 మంది దాకా డాక్టర్లు తక్కువ పడొచ్చని అమెరికా వైద్య కళాశాలల సంఘం 2024లో లెక్క కట్టింది. అక్కడి డాక్టర్లలో ఇప్పటికే నలుగురిలో ఒకరు బయటి దేశంలో చదువుకున్నవారు. అందులో అందరికంటే ఎక్కువ మంది మన దేశం నుంచి వెళ్లినవాళ్లే. గుంటూరు, ఉస్మానియా, రంగరాయ పూర్వ విద్యార్థులు అక్కడ పెట్టుకునే రీయూనియన్‌కి వెళ్తే కాలేజీ క్యాంటీనే విమానమెక్కి వచ్చిందేమో అనిపిస్తుంది.

పోనీ ఈ కొరత దేవుడు పెట్టిందా అంటే, అదీ కాదు. డాక్టర్లు మరీ ఎక్కువైపోతున్నారని బెంగపడి 1997లో అమెరికా కాంగ్రెస్సే మెడికేర్ (ముసలివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) డబ్బుతో నడిచే రెసిడెన్సీ సీట్లకు గీత గీసింది. జనాభా పెరిగింది, ముసలివాళ్లు పెరిగారు, రోగాలు పెరిగాయి, గీత మాత్రం కదల్లేదు. ఇరవై ఏళ్లు దాటాక, 2020 చివర్లో, మనసు కరిగి వెయ్యి సీట్లు పెంచారు. అవి కూడా ఒకేసారి కాదు, ఏడాదికి రెండు వందలకు మించకుండా. యాభై రాష్ట్రాల దేశంలో రాష్ట్రానికి నాలుగు. మన దగ్గర ఎమ్మెల్యే కోటాలో టీటీడీ దర్శనం టికెట్లు కూడా ఇంతకంటే ధారాళంగా ఇస్తారు.

కొత్త దారి గొప్పతనం అర్థం కావాలంటే పాత దారి తెలియాలి. స్టెప్ వన్, స్టెప్ టూ అనే అమెరికా లైసెన్సు పరీక్షలు రాయాలి. రోగితో ఇంగ్లిష్‌లో మాట్లాడగలనని ఓఈటీ పాసవ్వాలి. అప్పుడు విదేశీ డిగ్రీలను పరిశీలించే ఈసీఎఫ్‌ఎంజీ అనే సంస్థ సర్టిఫికెట్ ఇస్తుంది. ఆ తర్వాత మ్యాచ్, అంటే డాక్టర్లకూ రెసిడెన్సీ సీట్లకూ జత కుదిర్చే తంతు. మార్చి మూడో వారంలో ఒక సోమవారం ఈమెయిలు వస్తుంది. సీటు దొరికిందో లేదో అందులో ఒక్క వాక్యం. 2024లో అమెరికా పౌరులు కాని విదేశీ డాక్టర్లలో నూటికి నలభై మందికి పైగా సారీ అనే వచ్చింది. అంతకుముందు రెండేళ్లు ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఆ సోమవారం టెన్షన్‌కి బీపీ మాత్రలు మింగేది అమ్మానాన్నలు.

ఆ మ్యాచ్‌లో నెగ్గాలంటే అమెరికా డాక్టర్లు రాసిచ్చిన సిఫారసు ఉత్తరాలు కావాలి. వాటి కోసం చేసేదే అబ్జర్వర్‌షిప్.

కాకినాడలో పన్నెండేళ్లు మత్తు డాక్టరుగా చేసిన ఒకావిడను ఊహించుకోండి. అర్ధరాత్రి రెండింటికి ఫోనొస్తే చెప్పులు వెతుక్కుంటూ పరిగెత్తి, కరెంటు పోయిన థియేటర్లో టార్చి వెలుగులో స్పైనల్ ఇచ్చిన మనిషి. ఇప్పుడు ఒక అమెరికా ఆసుపత్రిలో మెడలో 'అబ్జర్వర్' అన్న కార్డు వేసుకుని వరసలో ఆఖర్న నిలబడ్డారు. ముందు పెద్ద డాక్టరు, ఆయన వెనక రెసిడెంట్లు, వాళ్ల వెనక మెడికల్ విద్యార్థులు, వాళ్ల వెనక ఈవిడ. రోగిని ముట్టుకోకూడదు. కేస్ షీటులో అక్షరం రాయకూడదు. అడిగితే తప్ప నోరు విప్పకూడదు, అడిగేవాళ్లూ ఉండరు. ఎదురుగా ఒక కుర్ర రెసిడెంటు పాపం ఒక ముసలాయన చేతికి సూది పెట్టడానికి అవస్థ పడుతున్నాడు. ఒకసారి గుచ్చాడు, దొరకలేదు. రెండోసారి గుచ్చాడు, చర్మం ఉబ్బింది. ఈవిడకు నరం అక్కణ్నుంచే కనిపిస్తోంది, మోచేతికి కాస్త కింద, నిక్షేపంలా. కానీ చెప్పకూడదు. కుడిచెయ్యి దానంతటదే లేవబోతుంటే ఎడమచేత్తో పట్టుకున్నారు. మూడోసారికి నరం దొరికింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. "ఇవాళ చాలా నేర్చుకున్నాను, థాంక్యూ" అని ఈవిడ చెప్పారు.

ఇందుకు జీతం ఎంతిస్తారని అడక్కండి. చాలాచోట్ల ఈవిడే ఎదురు డబ్బు కడతారు. నెలకింత అని. ఆఖర్న ఉత్తరం వస్తుంది: సమయపాలన ఉంది, వినయం ఉంది, టీమ్‌తో బాగా కలిసిపోతారు. పన్నెండేళ్ల అనుభవం సంగతి అందులో ఉండదు, ఉండకపోవడమే మంచిది. ఎందుకంటే చాలా రెసిడెన్సీ ప్రోగ్రాములు కాలేజీ వదిలి ఐదేళ్లు దాటినవాళ్ల దరఖాస్తును తెరవకుండానే పక్కన పెట్టేస్తాయి. ఇలాంటివాళ్లకు అక్కడ 'ఓల్డ్ గ్రాడ్' అని పేరు. ఎన్ని ఎక్కువ ప్రాణాలు కాపాడితే అంత పనికిరానివారన్నమాట.

అందుకే కొత్త చట్టాలొచ్చాయి. అనుభవం ఉన్నవాళ్లే కావాలంటున్నాయి. బాగుంది కదా? ఇప్పుడు షరతులు చదువుదాం. ఫ్లోరిడా చట్టం చూడండి. ఈసీఎఫ్‌ఎంజీ సర్టిఫికెట్ ఉండాలి, అంటే ఆ పరీక్షలన్నీ మామూలే; మన ఎంబీబీఎస్ చాలన్న పెదనాన్నగారు ఇక్కడే పప్పులో కాలేశారు. సొంత దేశంలో రెసిడెన్సీ లాంటి శిక్షణ పూర్తిచేసి ఉండాలి. దరఖాస్తు పెట్టే నాటికి ముందు నాలుగేళ్లూ విడవకుండా ప్రాక్టీసు చేస్తూ ఉండాలి. ఫ్లోరిడాలో ఉద్యోగం చేతిలో ఉండాలి.

దేనికది విడిగా చూస్తే తప్పు పట్టడానికేం లేదు. అన్నీ కలిపి ఒక మనిషికి తొడిగి చూడండి.

విజయవాడలో ఒక మామగారున్నారనుకుందాం. అల్లుళ్లిద్దరూ సర్జన్లే. పెద్దల్లుడు బెంజి సర్కిల్ దగ్గర ప్రాక్టీసు. రోజుకు రెండు మూడు ఆపరేషన్లు, నాలుగేళ్లేం ఖర్మ, పద్నాలుగేళ్లుగా విడవకుండా చేస్తున్నాడు. కానీ ఆయనకు వీసా లేదు. చిన్న కూతురు అమెరికా పౌరురాలు, ఆమెను చేసుకుని చిన్నల్లుడు ఫ్లోరిడాలోని టాంపా వెళ్లాడు. గ్రీన్ కార్డు జేబులో ఉంది. కానీ అక్కడ లైసెన్సు లేకుండా ప్రాక్టీసు చేస్తే జైలు. కాబట్టి వెళ్లిన రోజు నుంచీ ఒక క్లినిక్కులో స్క్రైబ్‌గా కూర్చుని, డాక్టరు చెబుతుంటే కంప్యూటర్లో టైపు చేస్తున్నాడు. అంటే నాలుగేళ్ల ప్రాక్టీసు షరతు కింద అనర్హుడు. అమెరికాలో ఉన్నాడు కాబట్టి ప్రాక్టీసు లేదు. ప్రాక్టీసు ఉన్నాయన ఉన్నాడు చూడండి, ఆయన అమెరికాలో లేడు. చట్టం వెతుకుతున్న డాక్టరు ఒకే సమయంలో విజయవాడలో కత్తి పట్టుకుని, టాంపాలో గ్రీన్ కార్డు పట్టుకుని ఉండాలి.

దీనికి వైద్యశాస్త్రంలో ఒకటే పరిష్కారం కనిపిస్తోంది. ఇద్దరు తోడల్లుళ్లనూ కలిపి కుట్టేయాలి.

ఆపరేషన్ విజయవాడలోనే చేయాలి, ఎందుకంటే ఫ్లోరిడాలో ఇద్దరికీ లైసెన్సు లేదు. కుడివైపు పెద్దల్లుడు, ఎడమవైపు చిన్నల్లుడు. మామగారి హాల్లో పెద్దల సమక్షంలో పంచాయితీ జరిగి, పనిచేసే చెయ్యి పెద్దల్లుడిదీ, ఇంగ్లిష్ యాస చిన్నల్లుడిదీ ఉండేట్టు ఒప్పందం కుదిరింది. అక్కాచెల్లెళ్లు మూడు రోజులు అలిగారు. దసరాకి బట్టలు ఒక జత పెట్టాలా, రెండు జతలా అని అత్తగారు పురోహితుణ్ణి అడిగితే, కాళ్లు లెక్కపెట్టి చెబుతానన్నాడాయన.

మయామీ విమానాశ్రయంలో చిన్న ఇబ్బంది. ఎడమకాలు అక్కడి నివాసుల క్యూలో, కుడికాలు విదేశీయుల క్యూలో నిలబడాల్సి వచ్చింది. ఎడమవైపుకి 'వెల్కమ్ హోమ్' అన్నారు. కుడివైపుని పక్కకు పిలిచి ఎన్నాళ్లుంటావు, ఎక్కడుంటావు, తిరుగు టికెట్ ఏదని అడిగారు. తిరుగు టికెట్ అంటే కుట్లు విప్పుకోవాలని చెబితే సూపర్వైజర్ని పిలిచారు. మొత్తానికి బయటపడి మెడికల్ బోర్డు ముందు కూర్చున్నారు, ఒకే కుర్చీలో. "గత నాలుగేళ్లూ ప్రాక్టీసు చేశారా?" కుడివైపు ధాటిగా అవునంది. ఎడమవైపు ఏమీ అనలేదు, అలవాటు కొద్దీ ఆ జవాబుని టైపు చేసింది. అన్ని గళ్లలోనూ టిక్కులు పడ్డాయి. ఫ్లోరిడా చరిత్రలో ఇంత అర్హత గల అభ్యర్థి రాలేదని బోర్డు మురిసిపోయింది.

ఆసుపత్రికి వెళ్లాక అక్కడి క్రెడెన్షియల్ కమిటీ వాళ్లు కాగితాలు తిరగేసి ఒక ప్రశ్న వేశారు. "అంతా బాగుంది, మీ బోర్డు సర్టిఫికేషన్ ఏది?" ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోబోయారు, కుట్లు లాగాయి.

ఇక్కడ చట్టం చేసినవాళ్లు పట్టించుకోని సంగతి ఒకటుంది. రాష్ట్రం ఇచ్చేది లైసెన్సు ఒక్కటే. ఫలానా విభాగంలో స్పెషలిస్టు అని ముద్ర వేసేవి అక్కడి స్పెషాలిటీ బోర్డులు, వాటికి సాధారణంగా అమెరికాలోనో కెనడాలోనో చేసిన రెసిడెన్సీ కావాలి. ఆ ముద్ర లేనివాళ్లకు చాలా ఆసుపత్రులు ఆపరేషన్ థియేటర్ తాళం ఇవ్వవు, చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు తమ జాబితాలో చోటివ్వవు. జాబితాలో లేని డాక్టరు దగ్గరికి వెళ్తే బిల్లు రోగి నెత్తిన పడుతుంది, కాబట్టి రోగి రాడు. రెసిడెన్సీ అక్కర్లేదని రాష్ట్రం అంటుంది. రెసిడెన్సీ చేసొచ్చాక మాట్లాడదామని మిగతా అందరూ అంటారు.

వీసా రాష్ట్రం చేతిలో లేనే లేదు. రెసిడెంట్లు ఎక్కువగా వెళ్లే జె-1 వీసా శిక్షణ కోసం ఇచ్చేది. ఇది శిక్షణ కాదు కాబట్టి అది కుదరదు. హెచ్-1బి కావాలి. డాక్టరుకు ఆ వీసా రావాలంటే స్టెప్ త్రీ కూడా పాసవ్వాలి. అది పాసై ఊపిరి పీల్చుకునే లోపు 2025 సెప్టెంబరులో ట్రంప్ గారి ప్రకటన వచ్చింది, కొత్తగా హెచ్-1బి మీద మనిషిని రప్పించాలంటే లక్ష డాలర్లు కట్టాలని. మన లెక్కలో ఎనభై లక్షల పైమాటే. ఊళ్లో ఉన్న చిన్నాసుపత్రి డాక్టరు దొరక్క విలవిల్లాడుతుంటే రాష్ట్రం దండ పట్టుకుని రమ్మంటుంది, కేంద్రం రసీదు పుస్తకం పట్టుకుని గేటు దగ్గర కూర్చుంటుంది. టెన్నెసీ మరీ ముచ్చటైనది. 2010 తర్వాత పల్లెటూరి ఆసుపత్రులు ఎక్కువగా మూతపడ్డ రాష్ట్రాల్లో అదొకటి. ఆ కొరత తీర్చడానికి 2023లో చట్టం చేసి, ఈ తాత్కాలిక డాక్టరు రెసిడెన్సీ ప్రోగ్రాం ఉన్న చోటే పనిచేయాలని రాసింది. రెసిడెన్సీ ప్రోగ్రాములు ఎక్కువగా ఉండేది నాష్‌విల్, మెంఫిస్ లాంటి నగరాల్లో. కొరత పల్లెలో, ఉద్యోగం పట్నంలో.

మనమేం తక్కువ తిన్నామని కాదు. బిష్కెక్‌లోనో మనీలాలోనో చదివొచ్చిన పిల్లలు విదేశీ డిగ్రీవాళ్లకు ఇక్కడ పెట్టే 300 మార్కుల ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో 150 తెచ్చుకుని, ఇంటర్న్‌షిప్ సీటు కోసం క్యూలో నిలబడి, పర్మనెంట్ రిజిస్ట్రేషన్ ఇవ్వమని విజయవాడలో రోడ్డెక్కిన సంగతి అందరం చూశాం. "ఫిలిప్పీన్స్ ఎంబీబీఎస్సా?" అని పెళ్లిచూపుల్లో ముక్కు విరిచే పెద్దమనుషులకే అమెరికా మన డిగ్రీని చూసి ముక్కు విరిస్తే జాత్యహంకారం గుర్తొస్తుంది. దీని గురించి ఇంకోసారి, తీరిగ్గా.

ఇదంతా రోగుల భద్రత కోసమే అంటారు. సరే. పరాయి దేశం నుంచి వచ్చినవాడి చేతికి కత్తి ఇచ్చేముందు పరీక్షించి తీరాలి. నేనే రోగినైతే నేనూ అదే కోరతాను. పరీక్షించండి, పక్కన నిలబడి చూడండి, కాస్త కఠినంగానే చూడండి. కానీ ఆ భద్రత ఏ ఊళ్లో మొదలై ఏ ఊళ్లో ఆగిపోతోందో చూస్తే నాకు నవ్వు రావడం మానేసింది.

వర్జీనియా చట్టం చదవండి. తాత్కాలిక లైసెన్సు గడువయ్యాక విదేశీ డాక్టరు రెండేళ్లు డాక్టర్లు కరువైన ప్రాంతంలోనే పనిచేయాలి. ఆ తర్వాతే ఎక్కడైనా పనిచేసే పూర్తి లైసెన్సు. రెసిడెన్సీ చేసిన జె-1 డాక్టర్లకైతే 1994 నుంచి ఉన్న కాన్రాడ్ పథకం ఇదే: సొంత దేశానికి వెనక్కి పోకుండా ఉండాలంటే మూడేళ్లు కరువు ప్రాంతంలో పనిచేయి. ఆస్ట్రేలియాలో ఇలాంటి షరతు పదేళ్ల దాకా. ఇందులో భద్రత ఎక్కడుంది? ఆయనకు వైద్యం వచ్చా, రాదా? రాకపోతే బొగ్గుగనుల దగ్గర ఊపిరాడక దగ్గే ముసలివాడి మీదకు ఎందుకు వదిలారు? వాడి ఊపిరితిత్తులకు ఖరీదు లేదా? వస్తే, మరి వాషింగ్టన్ పక్కన పెద్ద బంగళాల పేటలో ఉండే లాయరు గారి ఊపిరితిత్తులు ముట్టుకోవడానికి రెండేళ్లు ఎందుకు ఆగాలి? చేసేది ఒకే ఆపరేషన్, ఒకే చేతులు, ఒకే మందులు. మారింది రోగి ఆదాయం ఒక్కటే. కరువు ప్రాంతానికి డాక్టరు కావాలంటే జీతం పెంచి ఎవరినైనా పంపొచ్చు. వద్దంటే పోయే దారి లేనివాణ్ణి పంపడం చౌక.

2020 ఏప్రిల్ గుర్తుందా? ఆసుపత్రుల వెనక శీతల లారీల్లో శవాలు పేర్చిన రోజులు. అప్పుడు న్యూజెర్సీ గవర్నరు బయటి దేశాల్లో లైసెన్సున్న డాక్టర్లకు అత్యవసరంగా తాత్కాలిక లైసెన్సు ఇస్తామని ఉత్తర్వు ఇచ్చారు. బోర్డు సర్టిఫికేషన్ ఏదని అప్పుడెవరూ అడగలేదు. చచ్చిపోయే అవకాశం ఉన్న వార్డులో నిలబడటానికి పనికొచ్చిన చేతులు, వార్డు ఖాళీ అయ్యాక పనికిరాకుండా పోయాయి. రెండు డజన్లకు పైగా రాష్ట్రాల్లో నర్స్ ప్రాక్టీషనర్లు, అంటే పైచదువు చదివిన నర్సులు, డాక్టరు పర్యవేక్షణ లేకుండానే రోగులను చూసి మందులు రాయొచ్చు. రాయనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు, చాలామంది బాగా చేస్తారు కూడా. కానీ పద్నాలుగేళ్లు కడుపులు కోసి కుట్టిన సర్జనుకి మాత్రం దగ్గుమందు రాసే హక్కు కూడా లేదు.

బ్రిటన్ చూడండి, అక్కడా సవాలక్ష గొడవలున్నాయి. కానీ విదేశీ డాక్టర్లకు పెట్టే ప్లాబ్ పరీక్ష రెండు భాగాలూ పాసై, ఇంగ్లిష్ వచ్చని నిరూపించుకుని, ఇంటర్న్‌షిప్ కాగితాలు సరిగ్గా ఉంటే జనరల్ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఇస్తుంది. రెసిడెన్సీ మళ్లీ మొదటి నుంచి చేసిరా అనదు. థేమ్స్ నది పొంగి లండన్ మునిగిపోలేదు.

అమెరికా రాష్ట్రాల్లారా, మీ చట్టాల్ని అంత కష్టపెట్టక్కర్లేదు. డాక్టరు వస్తే పరీక్ష పెట్టండి. ఆరు నెలలు మీ సర్జను పక్కన నిలబెట్టి కత్తి చేతికిచ్చి చూడండి. చేతనైతే మీ ఊళ్లలో ఏ ఊరికైనా లైసెన్సు ఇవ్వండి, లాయరు గారి పేటతో సహా. చేతకాకపోతే చేతకాదని ముఖం మీదే చెప్పి పంపించేయండి, బాధపడినా ఇంటికి పోయి తన పని తను చేసుకుంటాడు. అంతేగానీ కాకినాడ మత్తు డాక్టరమ్మను చేతులు వెనక్కి కట్టించి మూల నిలబెట్టి, అలా నిలబడినందుకు ఆవిడ దగ్గరే నెలనెలా డబ్బు తీసుకుని, ఆఖర్న టైముకి వస్తుందని ఒక ఉత్తరం రాసివ్వడం ఏం మర్యాదండీ? ఆవిడ టైముకి వస్తుందని మీరు చెప్పాలా? అర్ధరాత్రి రెండింటికి ఆవిడ టైముకి వచ్చింది కాబట్టి బతికిన తల్లులూ పిల్లలూ కాకినాడ నిండా ఉన్నారు. ఆ ఉత్తరం మీ దగ్గరే ఉంచుకోండి.